పాటల ఊళ్ళు: మంగళంపాడు నుంచి కాకర్ల దాకా

నాకిష్టమైన పాటల జాబితా ఒకటి చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉంది. ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక్కో పాట పక్కన ఒక్కో ఊరి పేరు రాశాను. రాసినవాళ్ళు, పాడినవాళ్ళు, సినిమా తీసినవాళ్ళు, వాళ్ళ ముత్తాతలు ఎక్కడివాళ్ళో చూసుకుంటూ పోతే చాలా పేర్లు పెన్నకూ గుండ్లకమ్మకూ అటూ ఇటూనే తేలాయి. నేను పుట్టి పెరిగింది కోవూరులో. ఇంత దగ్గర ఉండి ఈ ఊళ్ళు చూడకపోవడమేమిటి అనిపించింది. తమ్ముడికి చెప్పగానే, "కారు నేను నడుపుతాను, పాటలు నువ్వు చూసుకో అక్కా" అన్నాడు. మా ఇద్దరికీ పాటలంటే ప్రాణం. ఆ గుణం అమ్మ నుంచి వచ్చింది.

శుక్రవారం: సూళ్ళూరుపేట, మంగళంపాడు, గూడూరు

తెల్లవారకముందే పెన్న వంతెన దాటి దక్షిణంగా బయలుదేరాం. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వైపు కొంగలు గుంపులుగా ఎగిరిపోతున్నాయి. వాటిని చూడడానికే వచ్చేవాళ్ళ కార్లు ఆ మలుపులో తిరిగాయి, మేము ముందుకు వెళ్ళిపోయాం.

సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921 మే 7న కిళాంబి వెంకట నరసింహాచార్యులు పుట్టారు. గోత్రం పేరునే కలం పేరు చేసుకుని ఆత్రేయ అయ్యారు. అప్పటికి అది నెల్లూరు జిల్లా. నాటకాలు రాసి, ఆడి, ఆ తర్వాత 1951లో 'దీక్ష'తో సినిమా పాటల్లోకి వచ్చారు. రాసి ప్రేక్షకులనూ, రాయక నిర్మాతలనూ ఏడిపిస్తాడని ఆయన గురించి సినిమావాళ్ళు చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆ ఆలస్యంలో తప్పేమీ కనిపించదు. అంత తేలిక మాటలు అంత బరువుతో రావాలంటే రాత్రికి రాత్రి వస్తాయా?

ఊరు మామూలు పల్లె. వడ్లు ఆరబోసిన కళ్ళాలు, వేపచెట్టు కింద అరుగు, అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన. "ఎవరి ఇంటికమ్మా?" అని అడిగారు. ఆత్రేయగారి ఊరు చూద్దామని వచ్చామని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఏ పాట కోసం వచ్చారు?" అన్నారు. అంతకన్న సరైన ప్రశ్న ఎవరూ అడగలేరు.

నేను వచ్చింది 'పాడుతా తీయగా చల్లగా' కోసం. 1964లో వచ్చిన 'మూగ మనసులు'లోది. మహదేవన్ బాణీ, ఘంటసాల గొంతు. తమ్ముడు పుట్టిన కొత్తలో అమ్మ వాడిని ఉయ్యాలలో వేసి రోజూ ఈ పాటే పాడేది. అది అమ్మ కట్టిన జోలపాటే అనుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి రేడియోలోంచి అదే పాట మగగొంతుతో వినిపించేసరికి వంటింట్లోకి పరుగెత్తి, "అమ్మా, నీ పాట ఎవరో పాడుతున్నారు" అని చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గడప మీద కూర్చుని చివరిదాకా విన్నది. పొయ్యి మీద పాలు పొంగి, కట్టెలు చుయ్యిమన్న చప్పుడు కూడా నాకు గుర్తుంది. కునుకు పడితే మనసు కాస్త కుదుటపడుతుందన్న మాట ఆ పాటలో ఉంది కదా, మా ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా అమ్మ అనే మాట అదే: ముందు ఒక కునుకు తియ్యి.

ఇదంతా చెబితే పెద్దాయన తలూపి, తనకు మాత్రం 'మౌనమే నీ భాష' కావాలన్నారు. అది 1979 నాటి 'గుప్పెడు మనసు'లోది. విశ్వనాథన్ సంగీతం, పాడింది బాలమురళీకృష్ణ. తమ్ముడు ఫోనులో పెట్టాడు. సినిమా పాటను అంత నిదానంగా, పదానికీ పదానికీ మధ్య అంత చోటు వదిలి పాడడం ఆయనకే చెల్లింది. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. పాట అయ్యాక మజ్జిగ తెప్పించారు, తాగి లేచాం.

గూడూరులో భోజనానికి ఆగాం. ఈ ఊరి పేరు నా జాబితాలో ఒక పోటీ వల్ల చేరింది. కుర్రవాడిగా ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇక్కడ పాటల పోటీలో పాడితే రెండో బహుమతి వచ్చింది. అతిథిగా వచ్చిన ఎస్. జానకి, మొదటి బహుమతి ఈ అబ్బాయికి రావలసిందని వేదిక మీదే అన్నారని బాలు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఎన్ని వందల యుగళగీతాలు పాడారో తలుచుకుంటే ఆ మాట విలువ తెలుస్తుంది. పాడగలిగే పిల్లల ముందు పెద్దవాళ్ళు ఆ ఒక్క మాట అనడానికి వెనకాడకూడదు. బడిలో పాతికేళ్ళకు పైగా పిల్లల పాటలు విన్నదానిగా గట్టిగా చెబుతున్నాను.

తిరుగుదారిలో తమ్ముడు 'సాపాటు ఎటూ లేదు' పెట్టాడు. 1981 నాటి 'ఆకలి రాజ్యం'. ఆత్రేయ రాశారు, బాలు పాడారు. మా మేనమామ డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం లేక మూడు నాలుగేళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. సైకిలు మీద నెల్లూరు వెళ్ళి దరఖాస్తులు టపాలో వేసి, వచ్చేటప్పుడు వీధి మొగలోనే ఈ పాట ఎత్తుకునేవాడు. అమ్మమ్మకు నచ్చేది కాదు. "అన్నం పెట్టే ఇంటి ముందు సాపాటు లేదని పాడతావేమిరా" అనేది. మామయ్య పాట ఆపేవాడు కాదు. చివరికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఉత్తర్వు వచ్చిన రోజు సాయంత్రం కూడా అదే పాట పాడుకుంటూ వచ్చాడు. ఆ రోజు మాత్రం అమ్మమ్మ ఏమీ అనలేదు.

శనివారం: నెల్లూరు

ఉదయాన్నే కారం దోసె తిని తిప్పరాజువారి వీధికి నడిచి వెళ్ళాం. బాలుగారి ఇల్లు ఈ వీధిలోనే ఉంది. 2020 ఫిబ్రవరిలో ఆయన ఆ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు, నెల్లూరులో త్యాగరాజ ఉత్సవాలు జరిపించిన మనిషి. ఇంటి ఎదురుగా కాసేపు నిలబడ్డాం. దారిన పోయే ఒకావిడ పూలబుట్ట దించుకుని, "బాలుగారి కోసమా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చేతులు జోడించి వెళ్ళిపోయింది.

అదే సంవత్సరం సెప్టెంబరు 25న ఆయన పోయారు. ఆ రోజు మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేసి, "అక్కా" అని ఇంకేమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరమూ అలాగే ఫోను పట్టుకుని ఉన్నాం. టీవీలో వార్త వస్తూనే ఉంది. ఆయన 1966 డిసెంబరులో మొదటి సినిమా పాట పాడారు. మా ఇద్దరికీ ఆయన గొంతు లేని రోజు ఎలా ఉంటుందో అంతవరకూ తెలియదు.

నెల్లూరులో మా పాటల చదువు రెండు చోట్ల సాగింది. ఒకటి సినిమా హాలు. 'శంకరాభరణం' 1980లో వచ్చినప్పుడు, కోవూరు రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసే నాన్న మమ్మల్ని ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళారు. హాలు బయట పాటల పుస్తకం అమ్మేవారు. పల్చటి న్యూస్‌ప్రింటు కాగితం, అట్ట మీద వేరే రంగులో బొమ్మ, లోపల పాటలన్నీ వరసగా. సినిమాలో 'దొరకునా ఇటువంటి సేవ' వస్తుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు చేత మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి సాధన చేయించారని తర్వాత చదివాను. ఆ కచేరీ పాటలు వింటుంటే ఆ కష్టం ఎక్కడా పైకి కనపడదు. బాలుకు మొదటి జాతీయ పురస్కారం వచ్చింది ఈ సినిమాకే. ఆ పాటల పుస్తకం అమ్మ పూజగదిలో పెట్టింది. చివరి పేజీ చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించింది, ఆ మరక ఇప్పటికీ ఉంది.

రెండోది ట్రంకు రోడ్డుకు దగ్గర సందులోని రికార్డింగు దుకాణం. ఇప్పుడు అక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. తమ్ముడు ఆ కొట్టు ముందు నిలబడి లోపల ఏది ఎక్కడ ఉండేదో వేలుతో చూపించాడు. ఎడమ గోడకు ఎల్పీ రికార్డులు నిలువుగా పేర్చి ఉండేవి. గల్లా పక్కన మూడు లావుపాటి నోటుపుస్తకాల్లో సినిమా పేర్లు అక్షరక్రమంలో రాసి ఉండేవి. మనం గీతల కాగితం మీద పాటల పేర్లు రాసి ఇస్తే ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి చదివేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు అంటే ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు, సుమారు ఏడు పాటలు. ఏ పాట ఎన్ని నిమిషాలో ఆయనకు కంఠతా వచ్చు. "ఇది ఆరు నిమిషాలు తింటుంది తల్లీ, చివర్లో తెగుతుంది. దీన్ని మొదట పెట్టి, చివర మూడు నిమిషాల పాట ఏదైనా చెప్పు" అనేవాడు. నేను ఎనిమిదో పాట కోసం బతిమాలేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. సగంలో తెగిన పాట వినడం పాపమని ఆయన నమ్మకం. క్యాసెట్టు తయారయ్యాక ఎర్ర సిరాతో పాటల పేర్లు లోపలి అట్ట మీద రాసి, కింద గాయకుల పేర్లు వేరుగా రాసి, సిరా ఆరేదాకా మూత వేయకుండా బల్ల మీద ఉంచేవాడు. ఏ పాట ముందు రావాలి, ఏది తర్వాత రావాలి అన్న ఆలోచన నాకు వచ్చింది ఆయన వల్లే. ఇప్పుడు ఫోనులో వేల పాటలున్నా నేను ఇంకా ఏడేసి పాటలుగానే వింటాను.

తమ్ముడి కథ కూడా ఆ కొట్టులోదే. పెళ్ళి కుదిరాక, పెళ్ళికి ముందు వాడు మా మరదలికి పంపిన క్యాసెట్టులో రెండో వైపు మొదటి పాట 'మాటరాని మౌనమిది'. 1987 నాటి 'మహర్షి' సినిమాలోది. ఇళయరాజా బాణీ, బాలు, జానకి పాడారు. రాసింది వెన్నెలకంటి రాజేశ్వరప్రసాద్, నెల్లూరువారే. స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ పాటలు రాసినవాడు. బాలు వెళ్ళిపోయిన కొద్ది నెలలకే, 2021 జనవరి 5న ఆయనా వెళ్ళిపోయారు. నెల్లూరు మనిషి రాసి నెల్లూరు మనిషి పాడిన పాటతో పెళ్ళి మాటలు మొదలుపెట్టానని తమ్ముడికి ఇప్పటికీ గొప్ప. వాడు గొప్పగా చెప్పుకోవడం నాకూ ఇష్టమే. క్యాసెట్టు మరదలి బీరువాలో భద్రంగా ఉంది.

మధ్యాహ్నం పురమందిరం ముందు చెట్టునీడన కూర్చున్నప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. 1996లో ఈటీవీలో బాలు మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' కార్యక్రమానికి పేరు ఆత్రేయ పాటలోని మొదటి మాటలే. మంగళంపాడు మనిషి రాసిన మాటలు పేరుగా పెట్టుకున్న కార్యక్రమంలో, తిప్పరాజువారి వీధి మనిషి ఏళ్ళ తరబడి పిల్లల చేత పాడించారు. ఏ పిల్ల ఎక్కడ శ్రుతి తప్పిందో చెప్పేవారు, ఆ వెంటనే ఆ పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో కూడా చెప్పేవారు. పాట వెనకున్నవాళ్ళ పేర్లు తలుచుకోవడం ఎంతోమంది తెలుగువాళ్ళకు అలవాటు చేసింది ఆయనే. ఈ ప్రయాణం కూడా ఆ అలవాటులో భాగమే.

ఆదివారం: ఒంగోలు

కావలిలో టీ తాగాం. సింగరాయకొండ దాటాక టంగుటూరు వస్తుంది. దర్శకుడు టి. కృష్ణ ఈ ప్రాంతంవారే. 'నేటి భారతం' 1983లో, 'ప్రతిఘటన' 1985లో తీశారు. 1986లోనే పోయారు. తీసిన సినిమాలు కొన్నే, కాని ఒంగోలులో చదువుకున్న మా తరాన్ని అడగండి, ఆ పాటలు నోటికి చెబుతారు. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి పాటలు వింటూ పెరిగిన ఊరు ఇది. ఇక్కడ మైకులో పాట వస్తుంటే సభ మొదలవుతోందని అర్థం.

నేను అప్పుడు ఒంగోలులో హాస్టలులో ఉండి చదువుకుంటున్నాను. 'ప్రతిఘటన'లో వేటూరి రాసి జానకి పాడిన 'ఈ దుర్యోధన దుశ్శాసన' మా హాస్టలుకు ఎలా వచ్చిందో చెప్పాలి. దారిలో ఆడపిల్లలను ఏడిపించే గుంపు ఒకటి రోజూ మూల మీద నిలబడేది. ఎవరికి చెప్పినా, "మీరే వేరే దారిలో వెళ్ళండి" అన్నారు. సినిమా చూసి వచ్చిన మరునాడు మేమంతా ఒకే గుంపుగా ఆ దారినే వెళ్ళాం. ముందు నడుస్తున్న అమ్మాయి ఈ పాట ఎత్తుకుంది, మేమంతా అందుకున్నాం. మాకెవరికీ సగం పైన సాహిత్యం రాదు. వచ్చినంతే మళ్ళీ మళ్ళీ పాడాం. ఆ కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. పాట ఒక్కటే వాళ్ళను మార్చిందని నేను అనను, కాని ఆ దారి మాత్రం మళ్ళీ మాదయింది. జానకి గొంతు లాలిగా, చిన్నపిల్లగా, ముసలవ్వగా ఎన్నో రకాలుగా విన్నాను. నాకు ఆమె అంటే ముందు గుర్తొచ్చేది మాత్రం ఆ నిప్పే.

ఆ మూల ఇప్పుడు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. చీకటి పడేలోగా కొత్తపట్నం వెళ్ళి సముద్రం చూసి వచ్చాం.

సోమవారం: మార్కాపురం, కంభం, కాకర్ల

చీమకుర్తి గ్రానైటు లారీల వెనక నెమ్మదిగా పొదిలి, అక్కడి నుంచి మార్కాపురం. పలకల ఊరు. నేను దిద్దిన పలక ఇక్కడిదేనని నాన్న చెప్పేవారు. అమ్మ ఆ పలక మీద నాకు మొదట నేర్పింది అక్షరాలే, కాని వాక్యంగా రాసి ఇచ్చింది మాత్రం ఒక పల్లవి: నగుమోము గనలేని.

కంభం చెరువు కట్ట మీద కారు ఆపి దిగాం. వందల ఏళ్ళ నాటి కట్ట, రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టింది. ఇంకో గంటలో కాకర్ల. దారి అడిగితే అందరూ, "ప్రాజెక్టు దగ్గరి కాకర్లేనా?" అన్నారు. వెలిగొండ జలాశయానికి కట్టిన గట్లలో ఒకటి కాకర్ల కనుమ దగ్గరే ఉంది. ఈ నేలకు నీళ్ళు ఎంత అవసరమో కళ్ళతో చూస్తూ వచ్చాం కాబట్టి ఊరికి ఆ గుర్తింపు రావడం న్యాయమే అనిపించింది.

నేను వచ్చింది ఇంటిపేరు కోసం. త్యాగరాజస్వామివారిది కాకర్ల ఇంటిపేరు. ఆయన 1767లో తిరువారూరులో పుట్టారు, 1847లో తిరువైయారులో సిద్ధి పొందారు. అంతకు చాలా ముందే పూర్వికులు ఈ ఊరి నుంచి కావేరి తీరానికి వలస వెళ్ళారు. శ్యామశాస్త్రిగారి పూర్వికులదీ కంభం ప్రాంతమేనని సంగీత చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. సంగీత త్రిమూర్తులలో ఇద్దరి మూలాలు ఈ ఎర్రనేల మీద, నల్లమల అంచున ఉన్నాయి. తమిళదేశంలో తరాలు గడిచినా త్యాగరాజు రాముడితో పోట్లాడింది, అలిగింది, బతిమాలింది మన ఇంటి తెలుగులోనే.

రచ్చబండ దగ్గర ఒక తాత, డిగ్రీ చదువుతున్న ఆయన మనవరాలు కలిశారు. సంగతి చెబితే తాత, "మా ఊరి పేరు పెట్టుకున్న మహానుభావుడు" అని, ఇంట్లోంచి మంచం తెప్పించి కూర్చోబెట్టారు. "ఆయన పాట మీకు వచ్చా అమ్మా?" అని అడిగారు.

నాకు వచ్చింది అమ్మ పాడినంతే. అమ్మ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. రేడియోలో తెల్లవారి కచేరీలు విని పట్టుకుంది. ఇప్పుడు కచేరీల్లో 'నగుమోము'లో 'ద' స్వరాన్ని కాస్త పైన, చతుశ్రుతి ధైవతంగా పాడుతున్నారు, పాత పద్ధతి దానికి కిందుండే శుద్ధ ధైవతమని పండితులు అంటారు. అమ్మకు ఈ చర్చ తెలియదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ పాడేది. చరణంలో "ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేదో, గగనానికి ఇలకు బహు దూరంబనినాడో" అన్న చోట చేట పక్కన పెట్టేది. పిలిస్తే రావడానికి ఆకాశానికీ భూమికీ మధ్య చాలా దూరమని గరుత్మంతుడు సాకు చెప్పాడా అని అడగడం. నాన్న పోయిన ఏడాదిలో అమ్మ ఆ ఒక్క పాదాన్నే రోజూ పాడింది. మిగిలిన పాట పాడలేదు.

మంచం మీద కూర్చుని పల్లవి, అనుపల్లవి పాడాను. చరణం దగ్గర గొంతు పట్టేస్తే తమ్ముడు అందుకున్నాడు. వాడు అందరి ముందూ పాడడం నేను ఎప్పుడూ వినలేదు. శ్రుతి అచ్చంగా అమ్మది. తాత చేతికర్రతో నేల మీద తాళం వేస్తూనే ఉన్నారు. మనవరాలు ఫోనులో రికార్డు చేసుకుంది. పాట అయ్యాక నోటుపుస్తకం తెచ్చి, సాహిత్యం రాసి ఇవ్వమంది. వచ్చే నెల కాలేజీ వేడుకలో పాడుతుందట. ఊరి పేరు చెప్పి మరీ పాడుతుందట.

రాయడం మొదలుపెట్టాను. తమ్ముడు పక్కన నిలబడి చదువుతూ, 'దూరంబనినాడో' దగ్గర నేను వదిలేసిన సున్నా చూపించాడు. దిద్దాను. ఆ అమ్మాయి తీసుకుని ఒకసారి పైకి చదివి, పుస్తకం మళ్ళీ నా చేతికే ఇచ్చింది. "రాగం పేరు, రాసినవారి పేరు కూడా పైన రాయండి మేడమ్" అంది. ఆభేరి అని, దాని కింద కాకర్ల త్యాగబ్రహ్మం అని రాసి ఇచ్చాను.